నుదుటికి నడికట్టు

మా అన్నకు మతి పోగొట్టింది పందికొక్కు. ఇది వెక్కిరింపు కాదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. వరంగల్ చౌరస్తా దగ్గర మా నాన్న పెట్టిన పూజ సామాన్ల దుకాణాన్ని ఇప్పుడు అన్న నడుపుతాడు. దుకాణం వెనక ఒక చీకటి గోదాము. పసుపు బస్తాలు, కుంకుమ, కొబ్బరికాయలు, గడపలకు పూసే ఎర్రటి జాజు గడ్డలు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ గోదాములో పందికొక్కులతో మా ఇంటికి నాన్న నాటి నుంచీ పగ. బస్తాలు కొరుకుతాయి, గోడ పునాది కింద తవ్విపోస్తాయి, బోనులో పెట్టిన ఎండుకొబ్బరి తినేసి బోను మాత్రం మాకు వదిలి వెళ్తాయి.

నేను హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఒక ఆదివారం అన్న మా ఇంటికి వచ్చి, నా బల్ల మీదున్న పుస్తకం ఊరికే తిరగేశాడు. అందులో ఈ జంతువు శాస్త్రీయ నామం 'బాండికోటా' అనీ, అది తెలుగువాళ్ల పందికొక్కు నుంచే పుట్టిందనీ చదివాడు. పుస్తకం మూసి కాసేపు గోడ వంక చూస్తూ కూర్చున్నాడు.

"చెల్లే, అంటే దునియ మొత్తం మన గోదాముల పందికొక్కు పేరే పిలుస్తాంది అన్నట్టు?"

"అవునన్నా."

ఆ అవును అబద్ధం కాదు. ఇప్పటికీ అడిగితే అదే చెబుతాను. కానీ ఆ రోజు నుంచి అన్న మళ్లీ మనిషి కాలేదు. మరుసటి వారం మళ్లీ వచ్చి ఇంగ్లీషువాళ్ల మంగూస్ మన ముంగిసేనని కనిపెట్టాడు. ఆ తర్వాత చివర పదకోశాలున్న నా పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని పోయాడు. అడిగితే ఇవ్వలేదు. దుకాణంలో గల్లాపెట్టె పక్కన పెట్టుకుని, అగరుబత్తుల కోసం వచ్చినవాళ్లకు కూడా హృదయానికీ గ్రీకువాళ్ల కార్డియాకూ చుట్టరికం కలిపి చెప్పేవాడు. కొనడానికి వచ్చినవాళ్లు చిల్లర కోసం నిలబడి వినేవాళ్లు.

పొద్దున భద్రకాళి చెరువు బండ్ మీద నడవడానికి వచ్చే పెద్దమనుషులు కొందరు ఉన్నారు. రిటైరైన బ్యాంకు ఆఫీసర్లు, బట్టల దుకాణాల సేట్లు, అన్ని విషయాల మీదా అభిప్రాయం ఉండి ఏ పనీ లేనివాళ్లు. వాళ్లు అన్నను 'భాషా సార్' అని పిలవడం మొదలుపెట్టారు. వాట్సాప్‌లో ఒక గ్రూపు. రోజూ పొద్దున్నే అన్న ఒక పదం పెడతాడు. అది ఏ భాషలో ఉన్నా సరే, సాయంత్రానికి మన దగ్గర నుంచి పోయిందే అవుతుంది. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడతాయి. ఆ బొమ్మలు చూసి చూసి మా అన్నకు తల భుజాల మీద నిలవడం మానేసింది.

నాకు ఎందుకింత మంట అని అడగవచ్చు. పదాల పుట్టుక అంటే నాకు ప్రాణం, అందుకు. నేను క్లాసులో కండరం గురించి మొదలుపెట్టేటప్పుడు, మజిల్ అనే మాటకు లాటిన్లో చిట్టెలుక అని అర్థమని చెబుతాను. చెయ్యి మడిచి, చర్మం కింద కదిలే ముద్దను చూపిస్తాను. డాక్టర్ సీటు తప్ప ఇంకేదీ బుర్రలోకి ఎక్కని పిల్లలు కూడా అప్పుడు తలెత్తి తమ చేతులు చూసుకుంటారు. చెవి లోపలి కాక్లియా నత్త. వెన్ను చివరి ఎముక కోకిల ముక్కు. కంటి నడిమి నల్లటి గుండ్రం రోమనువాళ్లకు చిన్న బొమ్మపిల్ల, మనకు కంటిపాప. ఎదుటివాడి కంట్లో మన రూపమే బుల్లిగా కనిపించడం ఇద్దరూ చూశారు, ఇద్దరికీ పసిపిల్లే గుర్తొచ్చింది. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోనక్కర లేదు. ఇది నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని సంగతి.

కానీ దానితో పాటే ఇంకొకటి కూడా చెబుతాను. పేరు అనేది మొదట చూసినవాడు ఏమనుకున్నాడో దాని గుర్తు మాత్రమే. మలేరియా అంటే చెడ్డ గాలి. పేరు పెట్టినవాడు గాలిని తిట్టుకుంటూ చచ్చాడు, దోమ మాత్రం హాయిగా బతికింది. ఆర్టరీ అంటే గాలి గొట్టమని కొందరి లెక్క. శవాన్ని కోసి చూస్తే అందులో నెత్తురు కనబడలేదు కనుక గాలి పోతుందనుకున్నారు. హిస్టీరియా అంటే గర్భసంచి. ఆడదానికి కోపం వచ్చినా ఏడుపు వచ్చినా దాని మీదకే తోశారు. మన నోళ్లలో ఈ రోజు తిరిగే పేర్లలో చాలా భాగం చచ్చినవాళ్ల పొరపాట్లు. వాటిని ముచ్చటగా చూడాలి, వాటిని నమ్మి మందు వేసుకోకూడదు. ఈ రెండో ముక్క మా అన్న ఏనాడూ వినలేదు. మొదటి ముక్క వినగానే ఫోన్ తీసేవాడు.

ఆయన పదాలు వెతుకుతూ తిరుగుతుంటే దుకాణం నడిపింది మా వదిన. ఆమెది తొర్రూరు, అక్కడ కూడా కిరాణా దుకాణం ఇల్లే. షట్టర్ ఎత్తేది ఆమె, బస్తాలు దింపించేది ఆమె, కుంకుమ పొట్లాలు కట్టేది ఆమె. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు పేపర్ తెరిచి మొదటి అక్షరం నుంచి పెళ్లి ప్రకటనల దాకా చదివేది. నడివయసు దాటినా కళ్లద్దాలు లేవు. అది ఆమెకున్న ఒకే ఒక్క గర్వం. వీధిలో ఎవరికి సూదిలో దారం ఎక్కకపోయినా మా దుకాణానికే వచ్చేవారు. వదిన సూదిని ట్యూబ్‌లైటు వైపు ఎత్తి, ఒకేసారి దారం దూర్చి, "ముసలైనవ్ పో" అని వాళ్లను ఆటపట్టించి పంపేది. నన్ను కూడా అన్నది ఆ మాట. నాకు అద్దాలు వచ్చాయి, ఆమెకు రాలేదు.

మేడారం జాతర వచ్చిన ఏడాది అది. జాతర అంటే పూజ సామాన్ల దుకాణానికి పండగ కాదు, యుద్ధం. అమ్మవార్లకు ఇచ్చే బెల్లం, ఎర్ర గుడ్డలు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు తీసుకోవడానికి పొద్దున్నుంచి రాత్రిదాకా జనం తోసుకుంటూనే ఉంటారు. ఆ తోపులాట మధ్య వదినకు కుడివైపు తల నొప్పి మొదలైంది. దువ్వెన తగిలినా భగ్గుమంటోందని చెప్పింది. అన్న ఒక మాత్ర ఇచ్చాడు. మర్నాడు నుదుటి మీద కుడివైపున, జుట్టు మొదలు నుంచి కనుబొమ్మ దాకా, ఎర్రగా పొంగి నీటి పొక్కులు లేచాయి.

నేను ఆ రోజుల్లో తొర్రూరులో ఉన్నాను. ఇంటర్ పిల్లల ప్రాక్టికల్ పరీక్షలకు నన్ను అక్కడికి వేశారు. సాయంత్రం ఫోన్ చేస్తే అన్న మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడు.

"మీ వదినెకు సర్పి లేచింది."

సర్పి అంటే మా వైపు అందరికీ తెలుసు. ఒంటి మీద ఒకవైపే పట్టీలా పొక్కులు లేస్తాయి. ఎక్కువగా నడుముకు వస్తుంది. పాము చుట్టుకుంటోందని పెద్దల నమ్మకం. అది చుట్టు తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని భయం. అందుకని సర్పి రాసేవాళ్ల దగ్గరికి తీసుకుపోతారు. వాళ్లు జాజు అరగదీసి పొక్కుల మీద పూసి, పాము బొమ్మ గీసి, తలా తోకా కలవకుండా మధ్యలో ఎడం వదిలి మంత్రం చదువుతారు. తగ్గేదాకా దానికి నీళ్లు తగలకూడదు, మందు తగలకూడదు. నడుము మీద అయితే ఈ తతంగం వల్ల పెద్ద నష్టం లేదు. చాలామందికి అది దానంతటదే మానిపోతుంది, పేరు జాజుకు దక్కుతుంది.

"ఎక్కడ లేచిందన్నా?"

"నుదుటికి. కుడి పక్కన."

చిన్నప్పుడు అమ్మవారు పోసింది అంటామే, ఆ ఆటలమ్మ వైరసే నరం మొదట్లో ఏళ్ల తరబడి నిద్రపోయి, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేచి, అదే నరం వెంట బయటికి వస్తుంది. నుదుటికి వచ్చే నరానికీ కంటికి పోయే నరానికీ మొదలు ఒకటే. మొదటి రెండు మూడు రోజుల్లో మందు మొదలుపెడితే కంటిని చాలావరకు కాపాడుకోవచ్చు. ఇదంతా ఫోన్‌లోనే చెప్పాను. చెప్పడం కాదు, అరిచాను. పక్కన జవాబు పత్రాలు కట్టలు కడుతున్న మేడమ్ లేచి తలుపు వేసింది.

"పొద్దుగాల తీస్కపోత తియ్. ఇప్పుడు దుకాణంల ఎంత గిరాకీ ఉన్నదో నీకేం తెలుసు" అన్నాడు అన్న.

పొద్దున ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం ఎత్తాడు. డాక్టర్ దగ్గరికి పోయారా అంటే, "తగ్గుతాంది, జర ఎండినట్టే ఉన్నది" అన్నాడు. వదినకు ఇవ్వమంటే పడుకుందన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు కూడా తగ్గుతూనే ఉందట. ఎండుతూనే ఉందట. అంత బాగా తగ్గుతుంటే ఫోటో పెట్టమన్నాను. వెంటనే పెట్టాడు. అడిగిందే తడవుగా పెట్టాడు, ఎందుకంటే అది చూపించాలని ఆయనకే ఆత్రంగా ఉంది.

ఫోటోలో మా వదిన ముఖం సగం ఎర్రగా ఉంది. సర్పి రాసే ముసలాయన జాతరకు పోయాడట. అందుకని మా అన్నే గోదాములోంచి జాజు గడ్డ తెచ్చి, గంధం సాన మీద అరగదీసి, దూదితో పూసి, దాని మీద అగ్గిపుల్లతో పాము బొమ్మ గీశాడు. జుట్టు దగ్గర తోక, కనుబొమ్మ దగ్గర పడగ. పడగకు రెండు కళ్లు కూడా పెట్టాడు. దాని కింద మా వదిన కన్ను రెప్ప వాచి మూసుకుపోయి ఉంది. ముక్కు కొసన చిన్న పొక్కు.

ఆ పొక్కు చూశాక నేను ఇంకేమీ చూడలేదు. ముక్కు కొసకు పోయే నరం కొమ్మే కంటి గుడ్డుకు కూడా పోతుంది. ముక్కు మీదికి వచ్చిందంటే కంటి గుమ్మంలో కాలు పెట్టినట్టే. ప్రిన్సిపాల్ గారికి చెప్పి, ఆయన ఏదో అంటుంటే వినకుండా బస్టాండుకు పరుగెత్తాను. బస్సులన్నీ జాతరకే వేశారు. దొరికిన ఒక్క బస్సులో నిలబడి, ఎవరి బెల్లం బుట్టో నా పాదాల మీద ఉంటే కూడా కదలకుండా వరంగల్ చేరాను. దారి పొడవునా ఒకటే ఆలోచన. ఈ మనిషిని ఏం చేయాలి?

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి అన్న కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. వదిన గోడవైపు తిరిగి పడుకుంది. చెంప మీదుగా కారిన ఎర్రటి నీళ్లు దిండు మీద మరకలు కట్టాయి.

"లే అన్నా. ఆటో పిలువు. కంటి దవాఖానకు పోవాలె."

"వచ్చినవా? నీళ్లు తాగు ముందు. ఫికర్ ఏం లేదు."

"కన్ను పోతది."

"కన్నెట్ల పోతది? సర్పికి భయపడేది నడుముకు లేస్తే. చుట్టు తిరిగి తలా తోకా కలుస్తే. నుదుటి మీద అది యాడ తిరుగుతది, యాడ కలుస్తది? నేను ఊకె చెప్తలే. నీ పుస్తకంలనే ఉన్నది. సర్పికి డాక్టర్ల పేరు హెర్పిస్ జోస్టర్. హెర్పిస్ అంటే పాకేది. మన సర్పమే గ్రీకులకు పోయింది. జోస్టర్ అంటే నడికట్టు. నడికట్టు ఎవలన్న నెత్తికి కట్టుకుంటరా? నువ్వే చెప్పు."

ఇదీ ఆయన వైద్యం. నేను విన్నది నిజమేనా అని ఒక క్షణం అనిపించింది. ఆ రెండు మాటల అర్థాలూ ఆయన సరిగ్గానే చెప్పాడు. హెర్పిస్‌కూ సర్పానికీ చుట్టరికం ఉన్న మాట నిజం, అయితే అవి తల్లీబిడ్డలు కావు, అక్కాచెల్లెళ్లు. జోస్టర్ అంటే గ్రీకులు నడుముకు కట్టుకునే పట్టీ అన్నదీ నిజం. వాళ్లు నడుము మీద చూశారు కనుక ఆ పేరు పెట్టారు. మా అన్న ఆ పేరు పట్టుకుని, నడుము మీద లేకపోతే ప్రమాదం లేదని తేల్చాడు. వైరస్ మా అన్న పదాలు పెట్టే గ్రూపులో లేదు. తన పేరుకు అర్థమేమిటో దానికి తెలియదు.

"నువ్వు మనిషివేనా?" అన్నాను.

"చెల్లే, మాట మంచిగ రానియ్."

"రానియ్య. బండ్ మీద తిరిగేటోళ్లకు చెప్పుకో నీ గ్రీకు. ఆమె కన్ను మీదనా నీ ఆట?"

"ఆటనా? బండ్ మీద డాక్టర్లు కూడ వస్తరు, నేను చెప్తే నోట్లె వేలు పెట్టుకుని వింటరు. నీకు కండ్ల మంట. నీ పిల్లలు నీ మాట వినరు, నా మాట ఊరంత వింటాంది."

ఇద్దరి గొంతులూ వీధిలోకి పోయాయి. అప్పుడు మంచం మీద నుంచి వదిన, ఇటు తిరగకుండానే, "జర లొల్లి పెట్టకున్రి. నెత్తి పలుగుతాంది నాకు" అంది. బిందెలో నీళ్లు తెచ్చి, మెత్తటి గుడ్డ తడిపి, ఆ పాము మొత్తం తుడిచేశాను. నీళ్లు తగలకూడదని అన్న అడ్డం వచ్చాడు. నేను చూసిన చూపుకు పక్కకు తప్పుకున్నాడు. జాజు కింద పొక్కులు చితికి ఉన్నాయి. అగ్గిపుల్ల గీసిన చోట చర్మం లేచిపోయి ఉంది. వదిన నా మణికట్టు పట్టుకుని, "బిడ్డా, ఈ కన్ను తెరుస్తే పొగలెక్క ఉన్నది" అని మెల్లగా చెప్పింది. అన్నకు వినబడకూడదని అంత మెల్లగా చెప్పింది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. పొగలా ఉందని తెలిసీ ఎందుకు నోరు మెదపలేదని అడిగాను. "ఆయన చెప్తాండు కదా అన్కున్న" అంది.

కంటి ఆసుపత్రిలో కుర్రడాక్టరు దీపం వేసి చూసి, మా వైపు తిరిగి, "హెర్పిస్ జోస్టర్ ఆఫ్తాల్మికస్" అన్నాడు, అంటే కంటికి పట్టిన సర్పి. మామూలు మనిషి అయితే ఆ మాట విని భయపడాలి. మా అన్న ముఖం వెలిగింది. నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను, వెలిగింది. ముందుకు జరిగి కూర్చుని, డాక్టరుకు హెర్పిస్ కథ మొదలుపెట్టాడు. పాకడం, పాములు, గ్రీకులు, మనవాళ్లు. ఆ కుర్రవాడు కూడా తక్కువ తినలేదు. "ఓ, ఇంట్రెస్టింగ్ సార్, మాకు కాలేజీలో ఇవన్నీ చెప్పలేదు" అన్నాడు. ఇద్దరి మధ్యలో మా వదిన గడ్డం ఆ మిషన్ మీద పెట్టుకుని, చూడమన్న వైపు చూడలేక, నీళ్లు కారుస్తూ కూర్చుని ఉంది.

"డాక్టర్ గారూ, చూపు ఉంటుందా?" అని నేను మధ్యలో దూరి అడిగాను.

అప్పుడు ఆయన గొంతు మారింది. కంటి ముందు అద్దంలాంటి పొర వాచిందనీ, మందులు గట్టిగా వేద్దామనీ, ఎంత దక్కుతుందో ఇప్పుడే చెప్పలేననీ అన్నాడు. పొక్కులు లేచి ఎన్నాళ్లయిందని అడిగాడు. అన్న ఫోన్ చూసుకుంటున్నాడు. నేనే చెప్పాను. డాక్టరు రాస్తున్న పెన్ను ఆపి, "లేచిన వెంటనే వచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. ఇంకా అనాల్సింది. తిట్టాల్సింది. చదువుకున్నవాళ్లు ఒకరినొకరు తిట్టుకోరు, అదే వచ్చిన చావు.

తర్వాతి రోజులు మాత్రలతో, చుక్కల మందుతో గడిచాయి. నేను సెలవు పెట్టి వాళ్లింట్లోనే ఉన్నాను. అన్నతో అవసరమైతేనే మాట్లాడాను, అవసరం పడకుండా చూసుకున్నాను. పొక్కులు ఎండి రాలిపోయాయి, వాపు తీసింది. నొప్పి మాత్రం పోలేదు. గాలి తగిలినా నుదురు మండేది. దుకాణంలో కూర్చోబెట్టాను ఒకరోజు, కాస్త మనుషుల మధ్య ఉంటుందని. పక్కింటి ఆమె అలవాటుగా సూదీ దారం తెచ్చింది. వదిన తీసుకుని లైటు వైపు ఎత్తింది. దారం కొస సూదికి పక్కనుంచి పోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ పోయింది. "చేతులు వణుకుతానయ్" అని సూదిని గల్లాపెట్టె మీద పెట్టేసింది. చేతులు వణకడం లేదు. నాకు కనిపిస్తూనే ఉంది.

ఈ మధ్యలో అన్న గ్రూపు ఆగిందనుకున్నారా? ఆగలేదు. నేను చూడకూడదనుకుంటూనే చూశాను. సర్పి గురించి పొడుగ్గా రాసి పెట్టాడు. గ్రీకు, లాటిన్, సంస్కృతం, అన్నీ ఉన్నాయి. ఇంట్లో మనిషి సంగతి ఒక్క అక్షరం లేదు. కింద చేతులు జోడించిన బొమ్మలు ఎప్పటిలాగే వరసగా ఉన్నాయి. ఒకాయన, 'భాషా సార్, మీరు మా వరంగల్‌కు వరం' అని పెట్టాడు. మనిషికి పొగడ్త ఇంత ముద్దా? కట్టుకున్నదాని కన్ను కన్నా ముద్దా? ఆయనకు బాధ లేదని నేను అనను. ఆమె నిద్రపోయాక పక్కన కూర్చుని విసరడం చూశాను. కానీ ఆ బాధను నోటితో ఒప్పుకుంటే తాను చెప్పింది తప్పవుతుంది. అది మాత్రం ఆయన చేత కాలేదు. నా దృష్టిలో అది విసరడం కన్నా పెద్ద సంగతి.

చివరి పరీక్షకు ముగ్గురం వెళ్లాం. డాక్టరు ఒక్కో కన్ను మూసి గోడ మీది అక్షరాలు చదివించాడు. ఎడమ కంటితో వదిన కింది వరస దాకా గడగడా చదివింది. కుడి కంటితో, అన్నిటికన్నా పైనున్న పెద్ద అక్షరం దగ్గరే ఆగిపోయింది. అక్కడేదో ఉందని తెలుస్తోంది గానీ ఏమిటో తెలియదంది. ఆ అద్దం పొర కార్నియా మీద మచ్చ గట్టిపడి ఉండిపోయిందనీ, ఇంక మందులతో అది పోదనీ, మున్ముందు ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు గానీ ఆ పొరకు స్పర్శ పోయింది కనుక తాను ఆశ పెట్టలేననీ డాక్టరు చెప్పాడు. ఈసారి ఎవరినీ చూడకుండా చెప్పాడు.

బయట బెంచీ మీద కూర్చున్నాం. వదిన మధ్యలో, నేను ఒకవైపు, అన్న ఒకవైపు. అన్న చేతిలో ఫోన్ తిప్పుతున్నాడు. ఆయన నోరు తెరవకుండా ఉంటే బాగుండునని నేను అనుకుంటూనే ఉన్నాను. తెరిచాడు. ఆమెను ఓదార్చాలనే అనుకుని ఉంటాడు. ఆయనకు తెలిసిన ఓదార్పు అదొక్కటే.

"కార్నియ అంటే ఏందనుకున్నవ్? లాటిన్ల కొమ్ము అన్నట్టు. కొమ్ము పొరలెక్క ఉంటదని ఆ పేరు పెట్టిన్రు. మన శృంగమూ అదీ ఒక్క దగ్గరికెల్లి వచ్చినయే."

వదిన పెళ్లయి వచ్చిన నాటి నుంచి మా అన్నను 'మీరు' అనే పిలిచింది. నలుగురిలో ఉన్నా, నాలుగు గోడల మధ్య ఉన్నా, కోపం వచ్చినా అంతే. ఆ రోజు ఆమె మెల్లగా అన్న వైపు తిరిగింది. ఎడమ అరచేయి ఎత్తి, బాగున్న కంటిని మూసుకుంది. మచ్చ పడిన కంటితో ఆయన ముఖం ఉన్న చోటు వైపు చూసింది.

"ఇట్ల చూస్తే నువ్వు కానొస్తలేవ్" అంది. "ఏ మాట ఏడికెల్లి వచ్చిందో అన్నీ చెప్తానవ్ కదా. నా చూపు ఏడికి పోయింది? అది చెప్పు."

చెయ్యి దించలేదు. కోపంగా కాదు, బస్తా ధర అడిగినట్టే అడిగింది. అన్న ఆమె వైపు చూసి, నా వైపు చూశాడు, ఎప్పుడూ పదానికి అర్థం దొరకనప్పుడు నా వైపు చూసినట్టే. జవాబు నాకు తెలుసు. అది చెప్పాల్సింది నేను కాదు. ఆయన ముఖం మీది నుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాను.